తలుపు లేని ప్రార్థన గది

మా అత్తమ్మ పోయిందన్న కబురు శనివారం పొద్దున ఏడు దాటాక వచ్చింది. ఫోన్ చేసింది అరకేరలో ఆమె పక్కింటావిడ. "అక్కా, మీ అత్తమ్మ లేస్తలేదు. ప్రార్థన చేస్తాందని నేను బయటనే కూసున్న. శానాసేపు కూసున్న. ఎంతకీ తల ఎత్తకపాయె" అని ఏడుస్తూ చెప్పింది. రాయచూరులో మా వంటింట్లో పాలు కాస్తున్నాను అప్పుడు. నాకు ముందు రావలసింది దుఃఖం. వచ్చింది మాత్రం కోపం.

"ఎంతసేపు కూర్చున్నావు?" అని అరిచాను. "ఆ గదికి తలుపు కూడా లేదు కదా! లోపలికెళ్లి పిలవొచ్చు కదా!"

"మోకాళ్ల మీద ఉన్న మనిషిని ఎట్ల పిలుస్తనక్కా?" అందావిడ.

నేను స్టవ్ ఆపేసి నేలమీద కూలబడ్డాను. పన్నెండేళ్ల కిందట నా కూతురు కూడా ఇలాగే కూర్చుంది, ఆ గది ముందే, అత్తమ్మ ప్రార్థన అవ్వాలని. డాక్టరు వచ్చి చూసి, పక్కింటావిడ రాకముందే గుండె ఆగిపోయిందని, ఆవిడ కూర్చోవడం వల్ల ఏమీ మారలేదని చెప్పాడట. అది విన్నాక గానీ పాపం ఆవిడ మంచినీళ్లు ముట్టలేదు. నన్ను అలా ఊరడించే డాక్టరు ఎవరూ లేరు. అత్తమ్మ బతికుండగా ఆమెతో అనాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లు నా గొంతులోనే ఉంచుకున్నాను. ఇది రాయడం కూడా ఆ మాట కోసమే.

నేను కాలువ కింద వలస రైతుల క్యాంపులో పుట్టినదాన్ని. మా తాతలు కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడ్డారు. మాది హిందువుల ఇల్లు. మా ఆయనది అరకేరలో పాతకాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబం. ఇద్దరం ఒకే కాలేజీలో చదివి పెళ్లి చేసుకున్నాం. ఆయనది కరెంటు కేంద్రంలో ఉద్యోగం, నేను బడిలో లెక్కల టీచర్ని. కాపురానికి వెళ్లిన మొదటిరోజు మా క్యాంపు అలవాటు కొద్దీ "అత్తయ్యగారూ" అని పిలిచాను. "గారూ గీరూ ఎందుకు బిడ్డా, అత్తమ్మా అను, సాలు" అంది. నా బొట్టు గురించి గానీ, వాళ్లు మందిరం అనే చర్చికి నేను వచ్చేదీ రానిదీ గానీ ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఇబ్బంది పెట్టేది. అడిగితే పోట్లాడుకుని ఉండేవాళ్లం, తేలిపోయేది.

ఆమె ఇంట్లో అన్నిటికంటే ముందు దేవుడు. ఇది ఊరికే అనే మాట కాదు. అన్నానికి ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి మొదటి గుప్పెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. దాన్ని దేవుని డబ్బా అనేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి పట్టుకెళ్లి గోనెసంచిలో పోస్తే, పొయ్యి వెలగని ఇళ్లకి పంచేవాళ్లు. నేను ఒకసారి అన్నం వండేశాక గుర్తొచ్చి, మూటలోంచి వేరే గుప్పెడు తీసి డబ్బాలో వేయబోయాను. చేయి పట్టుకుంది. "మిగిలింది ఎవరైనా ఇస్తరు బిడ్డా. మొదలు తీసింది ఇయ్యాలె. ఇయ్యాల మర్సినం, ఇడ్సిపెట్టు" అంది. కొత్త చీర కొంటే మొదటిసారి మందిరానికే కట్టాలి. చేలో పత్తి మొదటిసారి తీసిన రోజు ఒక పిడికెడు అక్కడికే వెళ్లాలి. బస్సెక్కేముందు కళ్లు మూసుకుని నిలబడేది. అలా నిలబడి ఒకసారి బస్సే పోగొట్టుకుంది. "బస్సువాడు దేవుడి కోసం ఆగడు అత్తమ్మా" అంటే, "ఇంకోటి పంపుతడు తియ్యి" అంది. పంపాడు, రెండు గంటల తర్వాత. ఆ రెండు గంటలూ ఎండలో నేనే గొణిగాను, ఆమె పల్లీలు వలుచుకుంటూ కూర్చుంది.

అన్నిటికంటే పెద్దది పొద్దుటి ప్రార్థన. పొయ్యి ముట్టించకముందే వెనక చిన్న గదిలోకి వెళ్లి గడియ వేసుకునేది. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తర్వాత మోకాళ్లు. ఇంట్లోవాళ్ల పేర్లు, వీధిలో వాళ్ల పేర్లు, చివరికి ఎద్దుల పేర్లు కూడా చెప్పేది. ఆ అరగంట ఎవరూ తలుపు కొట్టకూడదు. పాలవాడు వచ్చినా, తహసీల్దారు వచ్చినా ఆగాలి. "ఆయనతోని మాట్లాడుతాంటె నడుమ ఎవ్వరొద్దు" అనేది. ఇంట్లో అందరూ అలాగే పెరిగారు. మా ఆయన ఉద్యోగంలో చేరమన్న ఆర్డరు కాగితం చేతిలో పట్టుకుని కూడా ఆ తలుపు బయటే నిలబడ్డాడట.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు దసరా సెలవులకి అరకేర వెళ్లాం. రెండో రోజు పొద్దున అది పరిగెత్తుకెళ్లి ఆ తలుపు దబదబా బాదింది. కోడి గుడ్డు పెట్టిందని చెప్పడానికి. నాకు తల కొట్టేసినట్టయింది. హిందువుల పిల్ల, పద్ధతి తెలియదు అనుకుంటారేమోనని భయం నాకు ఎప్పుడూ ఉండేది. ఎవరూ అలా అనలేదు, నాకే ఉండేది. పిల్లని రెక్క పట్టి ఇవతలికి లాగి వీపు మీద ఒక్కటేశాను. "నాయనమ్మ ప్రార్థనలో ఉంటే పిలవకూడదని చెప్పానా లేదా? ఇల్లు కూలిపోయినా సరే పిలవకూడదు. తెలిసిందా?" అన్నాను. అది ఏడుస్తూ తలూపింది. ఆ తలుపు పలచటి చెక్క. లోపలికి ప్రతి మాటా వినబడుతుంది.

మర్నాడు పొద్దున మా ఆయన డ్యూటీకి రాయచూరు వెళ్లిపోయాడు. అత్తమ్మ గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. నేను క్యాను పట్టుకుని నీళ్ల ప్లాంటుకి వెళ్లాను. అక్కడ వరస పెద్దగా ఉంది. ఇంటికి వచ్చేసరికి అమ్మాయి ఆ గది గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే పెదవుల మీద వేలు పెట్టుకుంది. ముఖం పాలిపోయింది, చెమటలు పట్టి ఉంది. ఎడమ పాదం ఉబ్బి నున్నగా మెరుస్తోంది. బొటనవేలి పక్కన రెండు చుక్కల నెత్తురు.

"ఏమైందే?" అన్నాను.

"పాము కరిచిందమ్మా. గుడ్డు కోసం పెరట్లో పత్తి కట్టెల కుప్పలో చెయ్యి పెడదామని వెళ్లాను. నాయనమ్మ ప్రార్థనలో ఉంది. అయ్యాక చెబుదామని కూర్చున్నా" అంది, గుసగుసగా.

నీళ్ల క్యాను నా చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలియదు. తలుపు మీద రెండు చేతులతో బాదాను. లోపల మాట ఆగింది, గడియ తీసిన చప్పుడైంది. అత్తమ్మ పిల్ల పాదం చూసింది. ఆమె నోటి వెంట ప్రభువా అన్న మాట కూడా రాలేదు. పిల్లని చంకన వేసుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. పత్తి లోడుకి పోతున్న టెంపోకి ఎదురెళ్లి నడిరోడ్డు మీద నిలబడింది. నేను వెనకాల పరిగెత్తాను.

డ్రైవరు మంచివాడే. గేరు మారుస్తూ, "అమ్మా, దారిల మంత్రం ఏసే తాత ఉన్నడు. శానామందిని బతికిచ్చిండు. రెండు నిమిషాలు ఆపుత" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేను సరేననేదాన్నే. ఎవరు ఏమన్నా సరేననేదాన్ని.

"సీదా దవాఖానకు పో. ఏడా ఆపకు" అంది అత్తమ్మ.

పిల్ల కాలు ఆమె ఒళ్లో ఉంది, గుంతల్లో బండి ఎగిరినా కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఆమె పెదవులు కదలడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడు చెయ్యరేం ప్రార్థన?" అన్నాను. ఎంత నీచంగా అన్నానో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"కాలు పట్టుకున్న గద బిడ్డా. నువ్వు పిల్లతోని మాట్లాడు. కండ్లు మూయనియ్యకు" అంది.

నేను ఎక్కాలు చెప్పించాను. రెండో ఎక్కం గడగడా చెప్పింది. మూడో ఎక్కంలో నాలుక మడతపడటం మొదలైంది. చిగుళ్ల దగ్గర నెత్తురు కనిపించింది. తాలూకా ఆసుపత్రి కనబడేదాకా నేను ఆ మూడో ఎక్కం దగ్గరే మళ్లీ మళ్లీ మొదలుపెట్టించాను.

ఆసుపత్రిలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. కరిచి ఎంతసేపయిందని కన్నడలో అడిగింది. నాకు తెలియదు. పిల్లకీ తెలియదు. అత్తమ్మ డాక్టరమ్మ ముందుకు వచ్చింది.

"నేను పాట రెండో చరణం పాడుతున్నప్పుడు పెరట్లో కోళ్లు గట్టిగా అరిచాయి. అప్పుడే కరిచి ఉంటుంది. పాట పూర్తిచేశాను. అధ్యాయం చదివాను, ఈరోజు అధ్యాయం పెద్దది. మోకరించి సగం పేర్లు చెప్పాను. ఇరవై నిమిషాలు. దారిలో ఇంకో నలభై" అని కన్నడలోనే లెక్క చెప్పింది. కోళ్లు అరిచాయని తెలిసి కూడా లేవలేదని ఆమె తనకి తానే అందరిముందూ ఒప్పుకుంది.

"ఇరవై నిమిషాలు ఎవరికీ ఎందుకు చెప్పలేదు పుట్టా?" అని డాక్టరమ్మ పిల్లని కన్నడ ముద్దుమాటతో పిలిచి అడిగింది.

అమ్మాయి నావైపు చూసింది. "అమ్మ..." అంది.

అత్తమ్మ వెంటనే దాని తల మీద చెయ్యి వేసింది. "నేనే చెప్పిన. ప్రార్థన నడుమ పిలవొద్దని నేనే నేర్పిన. తప్పు నాది" అంది, ఈసారి తెలుగులో, నాకు వినబడేలా. పిల్ల మళ్లీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

డాక్టరమ్మ కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని, ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలని, కట్టకపోతే విషం రక్తంలో బాగా కలిసినట్టని చెప్పింది. మళ్లీ ఇరవై నిమిషాలు. గోడ గడియారం కింద నేను నిలబడ్డాను, గొట్టం ఎదురుగా అత్తమ్మ నిలబడింది. ఆ ఇరవై నిమిషాల్లో నేను అన్న మాటలు వార్డంతా విన్నారు. "మీ దేవుణ్ణి ముందు పెట్టుకోవడానికి నా బిడ్డే దొరికిందా? దీనికి ఏమన్నా అయితే మీ గడప తొక్కను. మీ ముఖం చూడను" అన్నాను. లోపల ఒక మూల, నిన్నటి నా దెబ్బ నాకు గుర్తుంది. అది గుర్తొచ్చినకొద్దీ ఇంకా గట్టిగా అరిచాను. ఆమె గొట్టం మీదినుంచి చూపు తిప్పలేదు.

టైమయింది. డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం నీళ్లలా జారింది.

తర్వాత విరుగుడు మందు సీసాలు, సెలైన్లు, వాంతులు. మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. ఆయనకి అంతా చెప్పాను, నా సంగతి ఒక్కటి తప్ప. ఇంకోసారి గొట్టం నింపారు, ఇంకో ఇరవై నిమిషాలు గడిచాయి, ఈసారీ జారింది. మళ్లీ మందు ఎక్కించారు. సాయంత్రం దీపాలు వేసే వేళకి మూడోసారి వంచినప్పుడు అడుగున ముద్దగా నిలిచింది, తొణకలేదు. "ఇక భయం లేదు" అంది డాక్టరమ్మ. అప్పుడు అత్తమ్మ వరండాలోకి వెళ్లి కొంగులో ముఖం దాచుకుని కూర్చుంది. పొద్దుటినుంచి ఆమె చెప్పుల్లేకుండానే ఉంది. నేను కిటికీలోంచి చూసి, ఏడవనీ అనుకున్నాను.

అమ్మాయి పాదం మీద చర్మం నల్లబడి ఊడి, మానడానికి రెండు నెలలు పట్టింది. బొటనవేలి దగ్గర గుంట ఇప్పటికీ ఉంది. ఆ క్రిస్మస్‌కి మేం అరకేర వెళ్లలేదు. మా ఆయన ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా గుడ్లు, జొన్నరొట్టెలు, పిల్లకి పల్లీ ఉండలు తెచ్చేవాడు. నేను ఆ రొట్టెలు పనిమనిషికి ఇచ్చేసేదాన్ని. వేసవి సెలవుల్లో అమ్మాయే మారాం చేసింది, నాయనమ్మ దగ్గరికి వెళ్దామని. కరిపించుకున్నదానికే కోపం లేనప్పుడు నాకేమిటని బయల్దేరాను.

ఇంట్లో అడుగు పెట్టగానే చూశాను. వెనక గదికి తలుపు లేదు. బందులు ఊడదీసిన చోట మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఆ తలుపు పెరట్లో, పత్తి కట్టెల కుప్ప ఉండే చోట, రెండు రాళ్ల మీద బల్లలా పరిచి ఉంది. కట్టెలు ఒక్కటి కూడా లేవు.

"తలుపేదీ అత్తమ్మా?" అన్నాను, కనబడుతున్నా సరే.

"దేవుడు మొదలే బిడ్డా. ఇప్పటికీ మొదలే. కానీ తలుపు ఏసుకోమని ఆయన అన్లేదు. నేను ఏసుకున్న" అంది. పిల్లని దగ్గరికి తీసుకుని, "మల్లెప్పుడు గట్ల కూసోకు. నేను ఏం చేస్తున్నా సరే, వచ్చి కొంగు గుంజు. జోర్‌గా గుంజు" అని చెప్పింది.

నా కూతురు ఆ మాటని అక్షరాలా పాటించింది. పెన్సిల్ విరిగినా, జడ ఊడినా, పిల్లి వచ్చినా వెళ్లి కొంగు గుంజేది. అత్తమ్మ మోకాళ్ల మీదే వెనక్కి తిరిగి, పిల్లి రంగు ఏమిటో అడిగి, ముందుకు తిరిగి "ఆఁ ప్రభువా, ఎందాక వచ్చిన?" అనేది. నాకు నవ్వొచ్చేది. ఆమెకీ వచ్చేది. ఇంకో కొత్త అలవాటు కూడా చేసుకుంది. మోకరించేముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగేది. ఎవరెక్కడున్నారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, పక్కింట్లో ముసలాయన లేచాడా లేదా, అన్నీ చూసుకుని వెళ్లి మోకరించేది.

"మొదలు దేవుడన్నారు, ఇప్పుడు మేం ముందయ్యామే?" అని ఏడిపించాను ఒకసారి.

"ఆయన ముందు కూసుంటే ఆయన అడిగేది మీ సంగతే గద. తెల్వకుండ పోతే ఏం చెప్పాలె?" అంది.

మేం మళ్లీ కలిసిపోయాం. ఆమె దేవుని డబ్బాలో నేనూ గుప్పెడు వేసేదాన్ని, రాయచూరులో మా ఇంట్లో కూడా ఒక డబ్బా ఉంది. అయినా పాము కరవడానికి ముందురోజు పిల్లని కొట్టిన దెబ్బ గురించి నేను ఎత్తలేదు. ఆమె విన్నదని నాకు తెలుసు. కన్నడలో మాట్లాడుతున్న మనిషి హఠాత్తుగా తెలుగులో "నేనే చెప్పిన" అన్నది ఎందుకో తెలియనంత తెలివితక్కువదాన్ని కాదు. ఎన్నోసార్లు ఆ పెరటి బల్ల మీద ఇద్దరం కూర్చుని చిక్కుళ్లు వలిచాం. చెప్పాలని నోరు తెరిచి, "ఈసారి వానలు లేవు" అనేదాన్ని. "ఊఁ" అనేది. మందిరం సంఘంలో ఆడవాళ్లు పన్నెండేళ్లుగా ఆ కథని ఆమె తప్పుగానే చెప్పుకున్నారు. కొత్తగా వచ్చిన కోడళ్లకి ఆమే స్వయంగా చెప్పేది, "నా తీరుగ చేయకుండ్రి" అని. నేను పక్కనే ఉండి వినేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. పెట్టెని పెట్టడానికి బల్ల కావాలంటే, పెరట్లోని ఆ తలుపునే నలుగురు మోసుకొచ్చి రెండు కుర్చీల మీద పరిచారు. అత్తమ్మకి క్రిస్మస్ కోసం కొని మడత విప్పకుండా దాచుకున్న తెల్లచీర కట్టాం. ఆదివారం మొదటిసారి కట్టడం, అది ఆమె పద్ధతి ప్రకారమే అయింది. ఇల్లూ వాకిలీ జనం. మూత వేసేముందు పాస్టరు అయ్యగారు ఆఖరి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తల వంచి కళ్లు మూసుకున్నారు. ఎండకి తలలు మాడుతున్నా ఒక్కరూ కదలలేదు. మూత పట్టుకుని ఇద్దరు సిద్ధంగా నిలబడటం నాకు కనబడింది. ఎందుకంటే నేను కళ్లు మూసుకోలేదు. ఆమెన్ అంటే మూత పడుతుంది. నా మాట లోపలే ఉండిపోతుంది. ప్రార్థన నడుమ ఎలా కదలడం?

జనంలోంచి నా కూతురు నడిచి వచ్చింది. దానికిప్పుడు పద్దెనిమిదేళ్లు. మనుషుల్ని తప్పించుకుంటూ, ఎడమ పాదం కొంచెం పక్కకి వేస్తూ, తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లింది. వంగి, నాయనమ్మ కొంగు పట్టుకుని గుంజింది. జోర్‌గానే గుంజింది. "నాయనమ్మా, అమ్మ నీతో ఒక మాట చెప్పాలంట" అంది.

అయ్యగారు కళ్లు తెరిచి ప్రార్థన ఆపారు. ఎవరూ దాన్ని మందలించలేదు. అది నావైపు తిరిగి, "రా అమ్మా. ప్రార్థన నడుమ పిలవొచ్చు. నాయనమ్మే చెప్పింది కదా" అంది. దెబ్బ తిన్నది అదే. పన్నెండేళ్లు అది కూడా నాకోసం నోరు మూసుకుని ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

వెళ్లి ఆ కొంగు నా చేతిలోకి తీసుకున్నాను. "అత్తమ్మా, పిల్లని ఆపింది మీరు కాదు. నేను. కొట్టి మరీ చెప్పాను" అన్నాను. వాకిట్లో ఉన్న చివరి మనిషికి కూడా వినబడేలా అన్నాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. అయ్యగారు ఆగారు, అందరూ ఆగారు. ఆ తర్వాత ప్రార్థన ఆగినచోటు నుంచి సాగింది.

మూత వేసేటప్పుడు చూశాను. గంజి పెట్టిన కొత్త కొంగు, మేం గుంజిన చోట నలిగిపోయి ఉంది. ఒక పెద్దావిడ సర్దబోతే నా కూతురు వద్దంది. అలాగే మూత వేశారు.